మావయ్య పాటకి రెండు వయసులు

ఆకాశవాణి నుంచి కాంట్రాక్టు కవరు వచ్చిందంటే మా ఇంట్లో అమ్మకి పెరుగు బంద్. చల్లనీళ్ళు బంద్. సాయంత్రం బీచికి వెళ్ళాలన్నా చెవులకి మఫ్లరు చుట్టుకోవాల్సిందే. విశాఖపట్నంలో మే నెలలో మఫ్లరు అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఈ ఆంక్షలన్నీ పెట్టేది మా మావయ్య. పాట కట్టేది ఆయన, పాడేది ఆయన చెల్లెలు, అంటే మా అమ్మ.

మావయ్య పోర్టులో గుమాస్తా. పగలంతా ఓడల సరుకుల లెక్కలు, సాయంత్రమైతే మహారాణిపేట ఇంటి అరుగు మీద వయొలిన్. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో డిప్లొమా చేశాడు. పేరుమోసిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న చివరి ఏళ్ళలో అక్కడ చదివాడు. ఇంటికి కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఈ సంగతి చెప్పకుండా కాఫీ తాగనిచ్చేవాడు కాదు. "నాయుడు గారు పుట్టింది బెంగుళూరైనా పెరిగింది మన విశాఖలోనే తెలుసా" అనేది దానికి కొసరు. 1963లో ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక వాళ్ళు కళాకారులకి ఇచ్చే బి-హై గ్రేడు వయొలిన్‌కి తెచ్చుకుని, ఆ వెంటనే లలిత గీతాలకి బాణీలు కట్టడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి ముప్పై నిండుతున్నాయి.

ఆ రోజుల్లో ఆయన బాణీలు కట్టే వేగం గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఒకటి, స్నానానికి నీళ్ళు కాగేలోపు ఇంకొకటి, అన్నం వడ్డించేలోపు మూడోది. చేతికి ఏ కాగితం దొరికితే దాని మీదే స్వరాలు రాసేసేవాడు. కరెంటు బిల్లు వెనక, పెళ్ళి శుభలేఖ వెనక, చివరికి మా అక్క లెక్కల నోటుబుక్కులో కూడా. పాటలో ఎన్ని రాగాలు పడితే అంత గొప్ప అనుకునే వయసు అది. పల్లవి మోహనలో ఎత్తుకుంటే మొదటి చరణం హంసధ్వనిలోకి, రెండో చరణం ఆభేరిలోకి వెళ్ళిపోవాలి. ప్రతి పాదానికీ నాలుగైదు సంగతులు, అంటే అదే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడటం. చరణంలో ఎక్కడో ఒక చోట తారాస్థాయి పంచమం, అంటే బాగా ఎత్తున ఉండే స్వరం, తాకి రావాలి. అమ్మది అప్పుడు ఐదున్నర శ్రుతి, హెచ్చు గొంతే. పాడేది కానీ, పాడుతూ పాడుతూ మధ్యలో ఆపేసి అడిగేది:

"ఊపిరెక్కడ తీసుకోమంటావన్నయ్యా?"

"చరణం అయిపోయాక తీసుకో" అనేవాడు.

అలా పుట్టిన పాటల్లో ఒకటి "అల వచ్చి అడిగింది నీ ఊరు ఏదని". రాసింది పోర్టులో ఆయన పక్క సీటు కవి గారు. రేడియోలో చాలాసార్లు వచ్చింది. తర్వాత ఎప్పుడో మళ్ళీ వేసినప్పుడు నాన్న టేప్‌రికార్డరు రేడియో ముందు పెట్టి పట్టుకున్నారు. ఆ క్యాసెట్‌లో పాటతో పాటు మా వీధిలో చేపలమ్మే ఆవిడ కేక కూడా రికార్డయింది, సరిగ్గా రెండో చరణానికి ముందు. చిన్నప్పుడు నాకు ఆ కేక కూడా పాటలో భాగమే.

ఎనభైలు వచ్చేసరికి బాణీలు తగ్గాయి. దీనికి వయసే కారణమని నేననను. పోర్టులో ప్రమోషను వచ్చింది, షిఫ్టులు మారాయి, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు వచ్చాయి. ఇళ్ళల్లోకి టీవీలొచ్చి లలిత సంగీతం వినేవాళ్ళూ పలచబడ్డారు. సాధన మాత్రం మానలేదు. తెల్లారకుండా లేచి వయొలిన్ పెట్టె తెరిచేవాడు. ఇక్కడి ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. వానాకాలంలో తీగలు బిగించే బిరడాలు ఉబ్బి తిరగవు, ఎండాకాలంలో వాటంతటవే జారిపోతాయి. రోజూ సగం సమయం సముద్రంతో తగవుకే సరిపోతుందనేవాడు. కానీ కొత్త పాట అడిగితే "కడుతున్నానురా" అనేవాడు. ఒకప్పుడు అన్నం వడ్డించేలోపు అయ్యే పని ఇప్పుడు దసరా నుంచి సంక్రాంతి దాకా సాగేది. కట్టినదాన్ని మళ్ళీ విప్పి కట్టేవాడు.

అప్పట్లో నాకు అది ఏమీ అర్థమయ్యేది కాదు. మావయ్యకి సరుకైపోయింది అనుకునేవాణ్ణి. వయసు పెరిగేకొద్దీ కళాకారుడి లోతు పెరుగుతుంది అనే మాట సన్మాన సభల్లో తెగ వినిపిస్తుంది కదా. శాలువా కప్పేటప్పుడు అనడానికి బాగుంటుంది. నిజం అంత సాఫీగా ఉండదని నా అనుమానం. జనం నోట మిగిలిన పాటల్లో చాలా వాటిని కట్టినవాళ్ళ వయసు చూడండి. సాలూరు రాజేశ్వరరావు గారిది మా పక్కనే సాలూరు దగ్గర శివరామపురం. 1951లో మల్లీశ్వరికి సంగీతం చేసేనాటికి ఆయనకి ముప్పైకి అటూ ఇటూ. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మూల రాగాలైన 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టేసింది పాతికేళ్ళు రాకముందే. ఆ వయసులో ఉండే ఆకలి వేరు. తెలిసినదంతా చూపించాలి, తెలియనిదాన్ని కూడా పట్టేయాలి. అదే బాలమురళి గారు తర్వాత నాలుగు స్వరాలతో లవంగి, మహతి లాంటి రాగాలు చేశారు. మావయ్య దీన్ని తనకి అనుకూలంగా వాడుకునేవాడు. "చూశావా, ఆయన కూడా తగ్గించుకుంటూ వచ్చాడు" అని. ఆయన తగ్గించింది స్వరాలని, నువ్వు తగ్గించింది పాటలనే అని అమ్మ ఎదురు చెప్పేది.

అన్నిటికంటే నాకు వింతగా తోచేది ఘంటసాల గారి సంగతి. ఆయన కూడా విజయనగరం కాలేజీ విద్యార్థే, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడు. చివరి రోజుల్లో పాడిన భగవద్గీత మనందరి ఇళ్ళల్లో ఉంది. పాపం అది ఎవరైనా పోయినప్పుడు పెట్టేదిగా మారిపోయింది, మైకులో అది వినపడితే వీధంతా తలుపులు తీసి చూస్తుంది. అందులో గొంతు వింటే డెబ్బై ఏళ్ళు పైబడిన పెద్దమనిషి కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. 1974లో పోయేనాటికి ఆయన వయసు 51. వృద్ధాప్యం అసలు చూడని మనిషి గొంతులో అంత పెద్దరికం ఎలా వచ్చింది? అనారోగ్యం కొంత, పాతికేళ్ళకి పైగా నేపథ్య గానం చేసిన అలసట కొంత కావచ్చు. యాభైల నాటి ఆయన పద్యాలు పెట్టుకుని వెంటనే గీత వింటే, ఇది అదే మనిషేనా అనిపిస్తుంది.

గొంతుకి వయసు ఎలా వస్తుందో ఒకసారి మా ఈఎన్‌టీ డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు. అమ్మకి గొంతు బొంగురు పోతోందని తీసుకెళ్ళినప్పటి మాట. స్వరతంత్రుల్లో సాగే గుణం తగ్గుతుందట, స్వరపేటిక చుట్టూ ఉన్న మెత్తటి ఎముక గట్టిపడుతుందట, ఊపిరితిత్తుల్లో పట్టే గాలి తగ్గుతుందట. ఆడవాళ్ళలో నెలసరి ఆగాక స్థాయి కిందికి దిగుతుంది, మగవాళ్ళలో బాగా ముసలితనం వచ్చాక కొంచెం పైకి పోతుంది. "జబ్బేం కాదమ్మా, శ్రుతి తగ్గించి పాడుకోండి" అన్నారు. అమ్మకి ఆ మాట నచ్చలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఐదున్నర నుంచి ఐదు, నాలుగున్నర, ఆఖరికి నాలుగు. తంబురా పెట్టె మీద ఆ మీట కిందికి జరిపినప్పుడల్లా ఆవిడ మొహం చూడలేకపోయేవాణ్ణి.

వయొలిన్‌కి గొంతు పోదు కదా, మావయ్యకి ఆ బాధ లేదు అనుకున్నాం. డెబ్బై దాటాక ఆయనకి కుడి చేయి వణకడం మొదలైంది. వాయించే కమానుని తీగ మీద ఆనించగానే సన్నటి దడ. వేగంగా వాయిస్తే తెలిసేది కాదు, నెమ్మదిగా నిలిపితే తెలిసిపోయేది. అందరూ వయసైతే నెమ్మదిస్తారు, ఈయన వణుకు దాచుకోవడానికి వేగం పెంచాడు. కొన్నాళ్ళు అలా లాగి, ఒక రోజు వయొలిన్ తుడిచి పెట్టెలో పెట్టేశాడు. పెద్ద ప్రకటనలేం లేవు. ఎస్. జానకి గారు 2016లో ఇక పాడనని చెప్పినప్పుడు పేపర్లన్నీ రాశాయి. మావయ్య ఆపిన సంగతి పక్కింటివాళ్ళకి కూడా చాలా రోజులకి గానీ తెలియలేదు.

ఆ తర్వాతే ఆయన అసలు పనిలో పడ్డాడు. పాత బాణీలన్నిటికీ స్వరలిపి రాయడం.

ఇందులో ఆయనకి ఆదర్శం శ్రీపాద పినాకపాణి గారు. ఇక్కడి ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, డాక్టరుగా ఉద్యోగం చేస్తూనే నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వెంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ లాంటి వాళ్ళని తయారుచేసిన మనిషి. తన పాట కంటే శిష్యుల పాట ద్వారానే లోకానికి ఎక్కువ తెలిశారు. గమకం ఎక్కడ ఎంత ఊగాలో కూడా తెలిసేలా వందల కృతులకి స్వరలిపి రాసి పెట్టారు. సంగీత సౌరభం పేరుతో తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన ఆ సంపుటాలు మావయ్య మంచం పక్కన ఎప్పుడూ ఉండేవి. పినాకపాణి గారు 2013లో, వందేళ్ళకి కొద్ది నెలల ముందు పోయారు. నేదునూరి గారు కచేరీలతో పాటు అన్నమయ్య కీర్తనలకి బాణీలు కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు అరవై దాటిన వయసులో ఆయన దగ్గర ఆ కీర్తనలు నేర్చుకుని రికార్డు చేశారు. అంత కీర్తి వచ్చాక కూర్చుని కొత్త పాఠం నేర్చుకోవడం మాటలా? రేవతిలో "నానాటి బతుకు" వింటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

నా పిచ్చి చూసి మా స్నేహితుడొకడు ఒక పరిశోధన సంగతి పంపించాడు. డీన్ సైమంటన్ అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో 172 మంది పాశ్చాత్య సంగీత కర్తల చివరి రచనలు పరిశీలించాడు. చావుకి దగ్గరగా చేసిన రచనలు నిడివిలో చిన్నవి, స్వరాల నడక సులువు, అయినా జనానికి బాగా నచ్చినవి అని తేలిందట. మావయ్యకి చదివి వినిపిస్తే ఆ సాయంత్రమంతా ఆయన హుషారు చూడాలి. నేను మాత్రం ఇటలీ సంగీతకర్త రోసీనీని గుర్తుచేశాను. 37 ఏళ్ళకే ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, రాయడం ఆపేసి, ఇంకో నలభై ఏళ్ళ దాకా బతికి, చిన్న చిన్న సరదా ముక్కలు రాసుకుంటూ వాటికి "ముసలితనపు పాపాలు" అని పేరు పెట్టుకున్న మనిషి. అదే ఇటలీలో వెర్డి 79 ఏళ్ళకి ఫాల్‌స్టాఫ్ అనే హాస్య నాటకానికి సంగీతం కట్టాడు. ఇళయరాజా గారు 2025 మార్చిలో, 81 ఏళ్ళ వయసులో, లండన్‌లో సింఫనీ చేయించారు. మనుషులు ఇలా తలో దారిలో ఉంటే ఒక్క సూత్రం ఎలా కుదురుతుంది అనేది నా వాదన.

కె.వి. మహదేవన్ గారి లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. శంకరాభరణం వచ్చిన 1980లో ఆయనకి 61, పాడిన బాలసుబ్రహ్మణ్యం గారికి 33. శాస్త్రీయంగా నేర్చుకోని కుర్ర గొంతులో ఒక పెద్దాయన తన జీవితమంతా విన్న సంగీతం పోశారు. ఆ పాటది ఏ వయసని చెప్పాలి? ఇరవై ఏళ్ళు తిరగకుండానే బాలు గారు కూడా అదే పని ఇంకోలా చేశారు. 1996 నుంచి పాడుతా తీయగాలో పిల్లలకి పల్లవి ఎక్కడ విరవాలో, ఏ మాటని ఎలా పలకాలో చెబుతూ కూర్చున్నారు. ఆ పిల్లల పాట కంటే మధ్యలో ఆయన చెప్పే ముక్కల కోసమే మా అమ్మ ఆ కార్యక్రమం చూసేది.

ఇక హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12. విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ తేదీ ఎవరూ చెప్పక్కర్లేదు. మావయ్య ఇంట్లో సముద్రం వైపు కిటికీ రెక్క ఊడిపోయింది. చెట్లు పడి, కరెంటు పోయి, పాలప్యాకెట్టు కోసం కిలోమీటర్ల కొద్దీ నడిచిన ఆ రోజుల్లో, ఆయన మంచం కింద ట్రంకుపెట్టె గురించి ఎవరికీ ఆలోచన రాలేదు. మూడో రోజు తెరిస్తే నోటుబుక్కులన్నీ తడిసి ముద్దైపోయాయి. ఇంకు పెన్నుతో రాసిన స్వరాలు నీలం మరకలుగా మిగిలాయి. స్వరం మీద చుక్క ఉందో కింద ఉందో తెలియకపోతే అది ఏ స్థాయో ఎలా తెలుస్తుంది? అత్తయ్య ఏడ్చింది. ఆయన మాత్రం "కొత్త పుస్తకాలు కొనుక్కురారా, గీతల్లేనివి" అన్నాడు. రెండు నెలలు తిరక్కుండా నేదునూరి గారు ఇక్కడే విశాఖలో పోయారు. ఆ కబురు తెలిసిన రోజున కూడా ఆయన రాస్తూనే ఉన్నాడు.

ఎనభై ఏళ్ళ మనిషి జ్ఞాపకంలోంచి పాటలన్నీ మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. చేయి వణుకుతోంది కాబట్టి కొన్ని ఆయన పాడుతుంటే మా అమ్మాయి రాసేది. దానికి వీణ వచ్చు, స్వరం పట్టుకోగలదు. "అల వచ్చి అడిగింది" దగ్గరికి వచ్చేసరికి తేడా వచ్చింది. మా అమ్మాయికి క్యాసెట్‌లో పాట నోటికి వచ్చు. "తాతయ్యా, ఇక్కడ పైపంచమం కదా?" అంది. "గాంధారం చాలు" అన్నాడాయన, దానికంటే కింది స్వరం. రెండో చరణం ఆభేరిలోకి వెళ్ళనే లేదు. పాటంతా మోహనలోనే ఉండిపోయింది. ఐదు సంగతులుండే చోట రెండే వేసి, ఆ తర్వాత ఒక కార్వ, అంటే స్వరం మీద కాసేపు ఆగడం, పెట్టాడు. ముందు అక్కడ కార్వ లేదు.

మర్చిపోయాడనుకున్నాం. నెమ్మదిగా క్యాసెట్ పెట్టి వినిపించాం. చేపలావిడ కేక వచ్చినప్పుడు నవ్వాడు. పాటంతా విని, "ఇది నాకు గుర్తుంది. ఇప్పుడు రాసేది మాత్రం నేను చెప్పినట్టే" అన్నాడు.

అమ్మకి ఒళ్ళు మండింది. "నువ్వు ముసలాడివయ్యావు సరే, నా పాటనెందుకు ముసలిదాన్ని చేశావన్నయ్యా? ఆ ఆభేరి కోసమే కదా జనం ఉత్తరాలు రాసింది!"

"నీ గొంతు ఇప్పుడా పంచమం అందుకుంటాదేటి?" అన్నాడు మావయ్య. "ఇదిగో, ఇక్కడ ఊపిరి తీసుకో. అప్పుడు అడిగావు కదా."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దింది.

నిజం చెప్పమంటే, రాత మీద చూస్తే రెండో బాణీయే బాగా కుదిరింది. మాటకీ స్వరానికీ పొత్తు ఎక్కువ. చరణం చివర మళ్ళీ "నీ ఊరు" అన్నచోట ఆ కార్వ వల్ల ప్రశ్న ప్రశ్నలా వినిపిస్తుంది. మొదటి బాణీలో అది సంగతుల హడావుడిలో కొట్టుకుపోయేది. అయినా బీచిరోడ్డులో స్కూటరు మీద పోతుంటే నాకు నోటికొచ్చేది మాత్రం మొదటిదే. ఆ ఆభేరి మలుపు దగ్గర ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తుంది. ముప్పై ఏళ్ళవాడు చేసిన దూకుడు పని అది, ఎనభై ఏళ్ళవాడు చేయడు. చేయకూడదని ఎవరో అన్నందుకు కాదు, ఆ మలుపు ఇప్పుడాయనకి అక్కర్లేదు, అంతే.

కొత్త పుస్తకంలో ఆయన రెండో బాణీ ఒక్కటే ఉంచమన్నాడు. మా అమ్మాయి వినలేదు. క్యాసెట్ ముందు కూర్చుని మొదటిది కూడా రాసి, ఎదురు పేజీలో పెట్టింది. పైన "వెర్షన్ 1" అని రాసింది. మావయ్య దాన్ని కొట్టేసి "కుర్రతనం" అని రాయించాడు. రెండోదానికి ఏ పేరూ పెట్టలేదు.

తర్వాత మధురవాడలో మా కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి అందరూ చేరారు. భోజనాలయ్యాక ఎవరో పాట పాడమన్నారు. అమ్మ మొహమాటపడకుండా ఎత్తుకుంది, నాలుగు శ్రుతిలో, మెల్లగా. పల్లవి రెండింటికీ ఒకటే కాబట్టి మా అమ్మాయి కూడా కలిసింది. అంతా బాగానే నడిచింది. చరణం దగ్గరికొచ్చేసరికి నాయనమ్మ మోహనలో కార్వ పట్టి ఆగింది, మనవరాలు ఆభేరిలోకి మలుపు తిప్పేసింది. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు కానీ ఎవరూ తగ్గలేదు. కుర్చీలో కూర్చున్న మావయ్య నెత్తి మీద చేయి పెట్టుకుని, "ఓలమ్మా, ముందు ఏ పాట పాడుతున్నారో తేల్చుకోండే!" అని అరిచాడు. చుట్టాలు మాత్రం అదంతా ముందే అనుకుని పెట్టిన ఏర్పాటు అనుకున్నట్టున్నారు, గట్టిగా చప్పట్లు కొట్టి ఇంకొకటి పాడమన్నారు.